నడుస్తది, నక్కో

మొన్న పెద్దపల్లి దగ్గర ఒక రైస్ మిల్లులో, కొన్నాళ్లుగా ట్రయల్ మీద ఉన్న మిషన్ గేటును పక్కకు జరపగానే అరచేతికి సన్నని గరగర తగిలింది. చెవికి అందేంత చప్పుడు కాదు. అన్నంలో రాయి పంటి కింద పడితే పక్కన కూర్చున్నవాడికి వినపడదు, మనకు మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. అలాంటిది. గేటు జారే ఇనుప పట్టా దగ్గర ముఖం పెట్టి చూశాను. ఊక దుమ్మూ గ్రీజూ కలిసి ముద్దకట్టిన వాసన గుప్పుమంది. గేటు బిగించిన కాంట్రాక్టరు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ "నడుస్తది సార్, ఫికర్ చేయకున్రి" అన్నాడు. మిల్లు యజమాని కూడా "ఆఁ, నడుస్తది నడుస్తది" అని తల ఊపాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంత చిన్న మాటకు అంత కోపమెందుకని మీరు అడగవచ్చు. నేను కరీంనగర్‌లో మిల్లులకు మిషన్లు తయారుచేసే కంపెనీలో డిజైన్ పని చూస్తాను. బస్తాలు ఎత్తి పేర్చే ఇనుప చేయి తిరుగుతున్నప్పుడు మనిషి దాని కిందికి పోకుండా ఆపేది ఆ గేటు. అది పట్టా మీద సాఫీగా జరగాలి. నేను రాసిచ్చిన పట్టా ఒకటి, అక్కడ బిగించింది మరొకటి. అయినా సరే, నా కోపం ఆ ఒక్క గేటుది కాదు. అది నుస్రత్ ఆపా నాకు అంటించిపోయిన కోపం. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమెను మీరు చూసి ఉండరు. చూసి ఉంటే ఆమె ముందు "నడుస్తది" అనే మాట అనే ధైర్యం మీకూ ఉండేది కాదు.

ఆదిలాబాద్‌లో పత్తి మార్కెట్‌కు పోయే దారిలో ఆమె వర్క్‌షాపు. ఒకప్పుడు తండ్రి లేతు మిషన్ నడిపిన రేకుల షెడ్డు. ఆమె ఇంజనీరింగ్ చదివి, ఎక్కడికీ పోకుండా తిరిగొచ్చి, దాన్ని జిన్నింగు మిల్లులకు పరికరాలు చేసే కార్ఖానాగా మార్చింది. పొడగరి. దుపట్టా మీదుగా నెత్తికెక్కించిన కళ్లద్దాలు, వాటిని వెతుక్కుంటూ షెడ్డంతా తిట్లు. వినయం అనేది ఆమె దగ్గర కాగడా పెట్టి వెతికినా దొరికేది కాదు. "జిల్లాల నా అంత తెలిసినోళ్లు ఉంటే తోలుకరాపో, నేనే చాయ్ తాపిస్త" అనేది. ఎవరూ ఎవరినీ తోలుకొచ్చిన గుర్తు లేదు. మాది ఆసిఫాబాద్ పక్క పల్లె. డిప్లొమా చేతబట్టుకుని పనికి చేరినప్పుడు, ఈమె దగ్గర నెల కూడా నిలవలేనని మా బాపుతో చెప్పాను. ఆయన నవ్వి, "తిట్టేటోళ్ల దగ్గరనే పని వస్తదిరా" అన్నాడు.

చేరిన కొత్తలో ఒక జారుడు తలుపు బిగించాను. కొంచెం తోస్తేనే కదులుతోంది. అయినా కదిలింది కదా అని తృప్తిపడి, "నడుస్తది ఆపా" అని కేకేశాను. ఆమె పని వదిలేసి వచ్చింది.

"గంగాధర్, జర సోంచాయించి చెప్పు. ఇది నడుస్తదా? నువ్వు నడిపిస్తున్నవా?"

"కొద్దిగ నూకితే పోతది ఆపా."

"కొద్దిగ నూకితే నువ్వు కూడ పోతవు బయటికి. నూకాల్నా?"

షెడ్డులో అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. మా వైపు ఈ మాటకు రెండు అర్థాలున్నాయి కదా. నడుస్తది అంటే కదులుతుందని, సర్దుకుపోవచ్చని కూడా. ఆదిలాబాద్‌లో ఈ తెగులు ఒక్క తెలుగుది కాదు. ఉర్దూలో 'చల్తా' అన్నా అంతే, మరాఠీలో 'చాల్తే' అన్నా అంతే. "మూడు బాసలు మాట్లాడే ఊరు. మూడిట్ల ఒక్కటే అబద్ధం" అనేది ఆపా. కదిలేదాన్నీ కదలనిదాన్నీ ఒకే మాటతో చెప్పుకునే జనం మధ్య మనిషి ప్రాణం పట్టా మీద ఎలా పెడతామని ఆమె వాదన. అందుకే ఆమె షెడ్డులో ఆ మాట నిషేధం. దాని స్థానంలో ఒక పరీక్ష ఉండేది. ఏ తలుపైనా, ఏ బండైనా చిటికెన వేలితో తోస్తే పోవాలి. అరచేయి పెట్టాల్సివస్తే అది పని కాదు. "ఇప్పు" అనేది. అంతే, బోల్టులన్నీ విప్పి మళ్లీ మొదటికి రావాల్సిందే. ఆ మాట విన్నప్పుడల్లా లోపల ఆమెను తిట్టుకునేవాణ్ణి. ఒకసారి చాయ్ తెచ్చే అబ్బాయి ముందు నన్ను నిలబెట్టి ఒక వాషరు కోసం కడిగేసింది. ఆ అవమానం ఇప్పటికీ పోలేదు, పోనవసరం కూడా లేదు.

పట్టాలు ఎంచుకోవడం ఎలాగో ఆమె నాకు కాగితం మీద నేర్పలేదు. ఒక మిల్లు వాళ్లు పత్తిని పైనుంచి నొక్కి బేళ్లు కట్టే ప్రెస్సు ముందు అడ్డుగా గేటు కావాలన్నారు. నేను రంగు రంగుల కేటలాగులు తిరగేసి, మెరిసే ఉక్కు పట్టా, దాని మీద పరుగెత్తే బాల్ బ్లాకు ఎంచాను. ఆ బ్లాకు లోపల సన్నటి ఉక్కు గోళీలు వరుసగా తిరుగుతుంటాయి. వెంట్రుకవాసి తేడా లేకుండా నడుస్తుంది. నా ఎంపిక చూసి ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "రేపు నల్ల అంగి ఏసుకొని రా" అంది.

మర్నాడు ఆ మిల్లుకు తీసుకుపోయి ప్రెస్సు పక్కన నిలబెట్టింది. జిన్నింగు మిషన్ల మోతకు కాళ్ల కింద నేల వణుకుతోంది. తను మేనేజరు దగ్గర కూర్చుని చాయ్ తాగి, ఇంకో కప్పు కూడా తాగి, నిదానంగా వచ్చింది. "అంగి చూసుకో" అంది. నా నల్ల చొక్కా తెల్లగా అయిపోయింది. భుజాల మీద, జేబులో, గుండీల సందుల్లో పత్తి నూగు. ముక్కులో కూడా.

"ఇప్పుడు చెప్పు, గా గోళీల బండి ఇక్కడ ఎన్నొద్దులు బతుకుతది?"

నేను జేబులోని నూగు దులుపుకున్నాను.

"కేటలాగ్ రాసినోడు నల్లంగి ఏసుకొని ఇక్కడ నిలబడలే గంగాధర్. వాని తప్పు లేదు. నిలబడకుంట కొంటే అది మన తప్పు."

అక్కడే నేల మీద చాక్‌పీసుతో గీసి చూపించింది. గ్రీజు ఉన్నచోటికి నూగు చేరుతుంది, చేరి ఒత్తిగా మారుతుంది, గోళీలను బిగదీస్తుంది. కాబట్టి ఇక్కడ గోళీలు వద్దు, గాడి ఉన్న పెద్ద చక్రాలు కావాలి. పట్టా కింద కాదు, పైన ఉండాలి. గేటు దానికి వేలాడాలి, నూగు పడితే నిలవకుండా కిందికి రాలిపోవాలి. గేటును మోసే ఫ్రేమును ప్రెస్సుకు బిగించకూడదు. ప్రెస్సు అదిరితే ఫ్రేము వంకరపోతుంది. "ఫ్రేము వంకరైనంక పట్టా ఏం జేస్తది, పాపం?" అంది. బరువైన ఇనుప ఛానెళ్లతో, తన కాళ్ల మీద తాను నిలబడే ఫ్రేము చేశాం. అల్యూమినియం ఫ్రేములన్నా బాల్ బ్లాకులన్నా ఆపాకు పగేమీ లేదు. కరీంనగర్‌లో ఒకరి కళ్లద్దాలు కోసే మిషన్‌కు తనే అవి ముచ్చటపడి వేసింది. చోటును అడిగి పట్టా పెట్టు అనేది, అంతే ఆమె విద్య.

ఆ గేటు బిగించిన రోజు మిల్లులో రుక్మాబాయి అనే ఆమెను పిలిచి తోయమంది. ప్రెస్సు దగ్గర పత్తి సర్దే మనిషి, రోజంతా ఆ గేటు తీసి మూసేది ఆమే. తెలుగులో మరాఠీ, మరాఠీలో తెలుగు కలిపి మాట్లాడేది. కుడిచేతి చిటికెన వేలు ఆనించగానే అంత బరువు గేటు చల్లగా పక్కకు పోయింది. "అగ బాయీ! ఉయ్యాల లెక్క పోతాంది!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మళ్లీ తోసింది, మళ్లీ నవ్వింది. ఆపా మా అందరి వంక చూసిన ఆ చూపు, జిల్లాలో తన అంత తెలిసినవాళ్లు లేరనే చూపు, నాకు ఆ ఒక్క రోజు నచ్చింది.

ఆ పత్తి సీజనంతా గేటు గురించి మాటే రాలేదు. తర్వాతి సీజనుకు ముందు మిల్లుకు కొత్త మేనేజరు వచ్చాడు. చూడటానికి వచ్చే పెద్దలకు మిల్లు కొత్తగా కనపడాలని ముచ్చటపడ్డాడు. మా ఫ్రేము మోటుగా ఉందట. పీకించి తుక్కులో వేయించి, పట్నం నుంచి తళతళలాడే అల్యూమినియం ఫ్రేము, బాల్ బ్లాకుల పట్టా తెప్పించి నేరుగా ప్రెస్సుకే బిగించాడు. పైన పటారం, లోన లొటారం. సంగతి తెలిసి ఆపా పోయింది, నేనూ వెంట ఉన్నాను. "ఇది మీకు సెట్ కాదు సేట్, నూగు వట్టి బిగుసుకపోతది" అని ఆమె చెప్తుంటే మిల్లు యజమాని సేటు సగంలోనే "చాల్తే మేడం, చాల్తే" అన్నాడు. మేము గుమ్మం దాటకముందే మేనేజరు గొంతు వినపడింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు సేట్? పని పోయిందని మంట" అన్నాడు. ఆపా ఆగి, వెనక్కి తిరిగి వాణ్ణి అన్న మాట ఇక్కడ రాయను. ఉర్దూలో అంది, అయినా అందరికీ అర్థమైంది.

సీజను జోరందుకోగానే గేటు బిగుసుకోవడం మొదలైంది. తీయాలంటే ఇద్దరు కావాలి. గేటు మూస్తేనే ప్రెస్సు దిగేలా ఒక స్విచ్చి ఉంటుంది, అది మనిషి కోసమే పెట్టింది. గేటు మూయలేక పని ఆగిపోతోందని, మేనేజరు గేటు మూసినట్టే నొక్కి ఉండేలా ఆ స్విచ్చిని గుడ్డపేలికతో కట్టించి, గేటు తెరిచే ఉంచాడు. నడుస్తది అన్నాడట. నడిచింది కూడా, కొన్నాళ్లు. ఒక మధ్యాహ్నం రుక్మాబాయి అంచున చిక్కుకున్న పత్తిని లాగుతుండగా ప్రెస్సు దిగింది. కుడిచేతి వేళ్లు పోయాయి.

వేళ్లు పోయినదానికంటే నన్ను ఎక్కువ మండించినవి ఆ తర్వాత మాట్లాడిన మాటలు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సేటూ మేనేజరూ తప్పంతా ఆమె మీదికి తోశారు. ధ్యాస లేదట. ముచ్చట్లు పెడుతూ చేయి పెట్టిందట. ఆ ముందు రోజు వరకు "రుక్మాబాయి లేకపోతే ప్రెస్సు ఆగుతది" అన్నవాళ్లే ఈ మాటలూ అన్నారు. పేలిక రాత్రికి రాత్రి మాయమైంది. విచారణకు అధికారి వచ్చిన రోజు ఆపా పిలవని పేరంటానికి పోయినట్టు పోయింది. సేటు, మేనేజరు, అధికారి, దూరంగా గోడకానుకుని పనివాళ్లు. ఆపా ఎవరికీ నమస్కారం కూడా పెట్టలేదు.

"సేట్, గేటును చిటికెన వేలుతోని జర నూకి చూపెట్టున్రి" అంది.

సేటు అధికారి వంక చూసి నవ్వాడు. సరదాకన్నట్టు వేలు పెట్టాడు. కదల్లేదు. అరచేయి పెట్టాడు. నవ్వు తగ్గింది. రెండు చేతులూ పెట్టాడు. ఉంగరాల చేతులు రెండూ ఎర్రబడ్డాయి గానీ గేటు జానెడు కదిలి ఆగింది.

"మీరు మొగమనిషి, రెండు చేతులున్నయి. గామె దినమంత ఎట్ల జరుపాలె?"

ఆపా తన సంచిలోంచి బోల్టులు విప్పే అలెన్ కీ తీసి నాకిచ్చింది. బ్లాకు విప్పాను. లోపలి నుంచి గ్రీజులో నానిన నూగు నల్లటి ఒత్తిలా సాగుతూ వచ్చింది. దాన్ని అధికారి ముందు పట్టుకుని, "ఇది రుక్మాబాయి పెట్టిందా సార్? ఇది కూడ ముచ్చట్లు పెట్టుకుంట పెట్టిందా?" అని అడిగింది. ఆయన గడియారం చూసుకున్నాడు. "అమ్మా, ఈ మిషన్ మీరు చేసింది కాదు కదా. మీకేం సంబంధం?" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మేము బయటికి వస్తుంటే గోడకానుకున్న పనివాళ్లు కళ్లు దించుకున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను, మర్నాడు ఆ ప్రెస్సు దగ్గరికే రావాలి వాళ్లు. చివరికి పనిచేసే మనిషి అజాగ్రత్త అని తేల్చారు. దవాఖాన ఖర్చు మేమే పెట్టుకున్నామని సేటు ఊరంతా చెప్పుకున్నాడు. రుక్మాబాయిని ఇంటి దగ్గర ఉండమన్నారు.

ఆపాకు ఆ తర్వాత జిన్నింగు మిల్లుల పనులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. సేట్లంతా ఒకటే. ఊళ్లో మంచి కోరేవాళ్లు కూడా "ఆమె నోరే ఆమెకు శత్రువు, మెత్తగ చెప్తే వినేటోళ్లు" అన్నారు. ఈ మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ప్రమాదానికి ముందు, సేటు ఎదుట కూర్చుని మెత్తగానే చెప్పింది కదా! నేను పక్కనే ఉన్నాను. మెత్తగా చెప్పినప్పుడు చాల్తే అన్నారు, గట్టిగా చెప్పినప్పుడు నోరు మంచిది కాదన్నారు. ఇక ఏ గొంతుతో చెప్పాలి?

కొన్నాళ్లకు రుక్మాబాయి మా షెడ్డుకు వచ్చింది. ఆపానే పిలిపించింది. జాలిపడి కూర్చోబెట్టి జీతమిస్తుందనుకున్నాం. అదేం కాదు. "ఇయ్యాల్టి సంది ఏ మాలైనా రుక్మాబాయి చెకింగు అయినంకనే షెడ్డు గేటు దాటుతది. ఆమె వద్దంటే నేను చెప్పినా దాటద్దు" అంది. కుడిచేయి కొంగులో దాచుకుని, రుక్మాబాయి ఎడమచేతి చిటికెన వేలు ముందుకు చాపింది. మొదట్లో ఒక రోజు ఆ వేలు నేను బిగించిన ఒక తలుపు మీద పెట్టి, ఆగి, నా ముఖం చూసి భయంభయంగా తల అడ్డంగా ఊపింది.

"నోటితోని చెప్పు బాయీ" అంది ఆపా.

"నక్కో" అంది రుక్మాబాయి, వినపడీ వినపడనట్టు.

నక్కో అంటే వద్దు. అది మరాఠీదో ఉర్దూదో ఆదిలాబాద్‌లో ఎవరూ అడగరు, తెలుగువాళ్లూ అంటారు. ఆపా మొదటిసారి గట్టిగా నవ్వడం అప్పుడే చూశాను. "సూడున్రి! మూడు బాసలల్ల ఒక్క నిజం కూడ ఉన్నది" అని చప్పట్లు కొట్టింది. నేను తలుపు విప్పాను. రాను రాను ఆ 'నక్కో' గొంతు పెరిగింది. ఆపా స్వయంగా గీసిన పనికీ ఒకసారి నక్కో పడింది. ఆపా ముఖం గంటు పెట్టుకుని, గొణుక్కుంటూ, విప్పించింది. మిల్లుల పనులు పోయినా చిన్నచిన్న పనులతో ఆ షెడ్డు ఆమె ఉన్నంత కాలం నడిచింది. నడిచింది అంటున్నాను, ఆపా ఒప్పుకునే అర్థంలోనే.

అప్పటికి నేను ఈ కరీంనగర్ కంపెనీలో చేరాను; ఆపా పోయిందని తెలిసి అక్కడి నుంచే వెళ్లాను. ఇంటి ముందు కుర్చీల్లో ఆ సేటు కూడా ఉన్నాడు. "చాల గొప్ప మనిషి, ఇసుంటోళ్లు మళ్లీ పుట్టరు" అంటున్నాడు. అందరూ తలలు ఊపుతున్నారు. బతికున్నప్పుడు ఒక్క పని ఇవ్వని నోరు, పోయాక పొగడటానికి ఎంత తేలికగా తెరుచుకుందో! లేచి ఏదో అనబోయాను. పక్కనే నిలబడ్డ రుక్మాబాయి ఎడమచేత్తో నా మోచేయి పట్టుకుంది. ఆ రోజుకు వద్దని ఆమె అర్థం. ఊరుకున్నాను. ఆ ఊరుకున్న మాట నాలో అలాగే ఉంది.

అందుకే మొన్న ఆ రైస్ మిల్లులో కాంట్రాక్టరు నడుస్తది అన్నప్పుడు నేను పట్టా కొలతలు మాట్లాడలేదు. గేటు పక్కనే ఒకామె ఊక ఊడుస్తోంది. రేపటి నుంచి ఈ గేటు తీసి మూసేది ఎవరని యజమానిని అడిగాను. "గా లచ్చవ్వనే, ఇంకెవరు?" అన్నాడు. ఆమె చీపురు ఆపి మా వైపు చూసింది. రమ్మని పిలిచి, చిటికెన వేలితో గేటు తోయమన్నాను. సిగ్గుపడుతూ వేలు పెట్టింది. గేటు కదల్లేదు. అరచేయి పెట్టబోయింది.

"వద్దమ్మా, ఏలుతోనే. పోతదా?"

ఆమె ఒకసారి యజమాని ముఖం చూసింది, ఒకసారి కాంట్రాక్టరు ముఖం చూసింది. ఆ చూపు నాకు తెలుసు.

"నడుస్తది సార్..." అంది మెల్లగా.

ఆమెతో ఆ మాట అనిపించింది ఎవరో నాకు తెలుసు. అక్కడే నిలబడి ఉన్నారు ఇద్దరూ. లచ్చవ్వ చేతిని గేటు మీద నుంచి తీసి పక్కకు పెట్టి, నా ఎడమచేతి చిటికెన వేలు ఆనించాను. చాలాసేపు అలాగే ఉంచాను, వాళ్లిద్దరూ బాగా చూడాలని.

"నక్కో" అన్నాను. "ఇప్పున్రి."